తట్టుకొను

నందిగామ, జగ్గయ్యపేట విత్తనాల కొట్ల దగ్గర తొలకరికి ముందు ఒక క్రియాపదం మాటిమాటికీ వినబడుతుంది. "ఈ పత్తి బెట్టను తట్టుకుంటుందా?" "ఈ మిరప వైరస్‌ను తట్టుకుంటుందా?" "నాలుగు రోజులు చేలో నీళ్ళు నిలిస్తే తట్టుకుంటుందా?" దిగుబడి మాట ఆ తరవాతే వస్తుంది. పాత కృష్ణా జిల్లాకు పడమటి కొసన ఉన్న మెట్ట ఇది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు ఆఖరి భూములకు వచ్చిన ఏడు వస్తాయి, రాని ఏడు రావు. మునేరు వేసవిలో ఇసుక తేలుతుంది. అదే మునేరు 2023 జులైలోనూ 2024 సెప్టెంబరులోనూ ఐతవరం దగ్గర హైదరాబాదు రహదారి మీదికే వచ్చింది. ఇటువంటి నేలను నమ్ముకున్నవాళ్ళ నోట ఈ క్రియాపదం ఇంతగా నానడంలో వింత లేదు.

ఈ మాట చెరువులోకీ దిగింది. మెట్ట ఊళ్ళలో చెరువు పాట పాడుకున్నవాళ్ళు చేపపిల్లను కైకలూరు, ముదినేపల్లి వైపు నుంచి ఆక్సిజన్ నింపిన సంచుల్లో తెచ్చుకుంటారు. బొచ్చె ఎంత, శీలావతి ఎంత, మోసు ఎంత అని బేరం తెమిలాక అడిగే ప్రశ్న ఒకటుంది: "జబ్బును తట్టుకుంటుందా?" పత్తి గింజను అడిగినట్టే చేపపిల్లనూ అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ శాస్త్రజ్ఞులు ముప్ఫై ఏళ్ళకు పైగా శీలావతి మీద పనిచేస్తున్నారు. చేప రక్తంలో దేన్ని కొలిస్తే దాని ఓపిక ముందే తెలుస్తుందో చూస్తున్నారు, ఏ తల్లిచేపల సంతానం జబ్బుకు నిలబడుతుందో లెక్కగడుతున్నారు. వాళ్ళ భాషలో దీనికి చాలా మాటలున్నాయి. వాటన్నిటికన్నా చెరువుగట్టు మీది తెలుగు మాటే అసలు సంగతిని సరిగ్గా పట్టుకుందని నా నమ్మకం. అందుకే ముందు ఆ మాటను విప్పి చూడాలి.

తట్టు అంటే కొట్టడమే, కాని బలం తగ్గించి కొట్టడం. తలుపు తడతాం, భుజం తడతాం. పిడక తడతారు, జొన్నరొట్టె తడతారు. కొడితే పగలవచ్చు, తడితే ఒక ఆకారం వస్తుంది, లేదా లోపలివాళ్ళు పలుకుతారు. ఆలోచన కూడా మనిషికి తడుతుంది, అంటే బయటి నుంచి వచ్చి మెల్లగా తాకుతుంది. దీనికి "కొను" చేరితే క్రియ తనవైపు తిరుగుతుంది. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు. కొనడమంటే తీసుకోవడం కాబట్టి తట్టుకొనడమంటే దెబ్బను తన మీదికి తీసుకోవడం. ఓర్చుకొను, కాచుకొను, నిలదొక్కుకొను, కోలుకొను అన్నీ ఈ వరసలోవే. కష్టానికి సంబంధించిన తెలుగు క్రియల్లో ఎన్నిటికి ఈ "కొను" తోకగా ఉందో చూస్తే మనవాళ్ళు బాధను ఎక్కడ పెట్టి మాట్లాడతారో తెలుస్తుంది.

ఇక్కడొక విశేషం ఉంది. "గడప తట్టుకుని పడ్డాడు" అంటాం. "అంత దెబ్బనూ తట్టుకుని నిలబడ్డాడు" అంటాం. ఒకే క్రియ, ఒకే రూపం, ఒకచోట పడటం, మరొకచోట నిలబడటం. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది తాకిడి. దెబ్బ తగిలింది అన్నది రెండు వాక్యాలూ ఒప్పుకుంటున్నాయి. తరవాత ఏమైందన్న దగ్గరే అవి విడిపోతాయి. తగలకుండా తట్టుకోవడం అనేది తెలుగులో కుదరదు. ఈ సంగతిని గట్టిగా పట్టుకోవాలి, చేప కథ మొత్తం దీని మీదే తిరుగుతుంది.

తట్టు అన్న నామవాచకం కూడా ఉంది. పిల్లలకు ఒళ్ళంతా ఎర్రగా పేలే జబ్బు తట్టు. తమిళులు దాన్నే తట్టమ్మై అంటారు. ఒకసారి పోసిన బిడ్డకు మళ్ళీ పోయదని మన అమ్మమ్మలకు వైరస్ పేరు వినకముందే తెలుసు. జబ్బుకూ ఓర్పుకూ శబ్దం ఒకటైనంత మాత్రాన మూలమూ ఒకటే అనెయ్యడం తొందరపాటు. ఒంటి మీద లేచిన దద్దుర్ల నుంచి ఆ పేరు వచ్చి ఉండవచ్చు. తమిళంలో దీనికి దగ్గరగా వినిపించే మరో ధాతువు "తడు", అంటే అడ్డుకోవడం. మన "తడ" ఆ కుదుటిదే. తమిళులు టీకాను తడుప్పూసి అన్నారు, అడ్డుకునే సూది అని. వాళ్ళు అడ్డుకోవడాన్ని ఎంచుకున్న చోట మన రైతు దెబ్బ తినడాన్ని ఎంచుకున్నాడు.

ఇంగ్లీషు నుంచి వచ్చిన ఇమ్యూనిటీ మాట కోవిడ్ ఏళ్ళలో ప్రతి ఇంటికీ చేరింది. దాని పుట్టుక వైద్యంలో లేదు, పన్నుల చట్టంలో ఉంది. లాటిన్‌లో మునుస్ అంటే పౌరుడు చెయ్యవలసిన విధి, చెల్లించవలసిన బరువు. దాని నుంచి మినహాయింపు దొరికినవాడు ఇమ్యూనిస్. ఈ భావం మనకు కొత్తది కాదు, కృష్ణ ఒడ్డున దానికి పదహారు వందల ఏళ్ళకు పైబడిన సాక్ష్యం ఉంది. నరసరావుపేట దగ్గర మయిదవోలులో దొరికిన పల్లవ శివస్కందవర్మ ప్రాకృత తామ్రశాసనం ఆంధ్రపథంలోని విరిపర అనే ఊరిని ఇద్దరు బ్రాహ్మణులకు దానమిస్తూ, ధాన్యకటకంలోని అధికారికి ఆ ఊరి మినహాయింపులను వరసగా చెబుతుంది. అక్కడ ఉప్పు తవ్వకూడదు. భటులు అడుగు పెట్టకూడదు. ఈ రెండో దానికి శాసనం వాడిన మాట "అభడపవేసం", సంస్కృతంలో చెబితే అభటప్రవేశం. ఇటువంటి మినహాయింపులన్నిటికీ కలిపి పేరు పరిహారం.

ఇమ్యూనిటీకి అక్షరాలా సరిపోయే మాట ఇదే. కాని పరిహారానికి ఇప్పుడు అర్థం తిరగబడింది. మునేరు పొంగి చేను మునిగాక ప్రభుత్వం ఎకరాకు ఇంత అని ఇచ్చేది పరిహారం. ఆనాడు దెబ్బ పడకుండా ఇచ్చిన మాట ఇవాళ దెబ్బ పడ్డాక ఇచ్చే సొమ్ము. మినహాయింపు అర్థం మాన్యం భూముల్లో మాత్రమే కొంత మిగిలింది. దేవుడి మాన్యం లేని ఊరు ఈ మెట్టలో అరుదు.

జబ్బు విషయంలో మనకున్న పుస్తకాల మాట "రోగనిరోధక శక్తి". అది పాఠాలకు పనికొచ్చింది, పత్రికలకు పనికొచ్చింది, చెరువుగట్టుకు చేరలేదు. నిరోధించడమంటే ఆపెయ్యడం. చెరువులో చేప ఎదుర్కొనే దాన్ని ఆపెయ్యడం ఎవరి తరం?

శీలావతికి ప్రధాన శత్రువుల్లో ఒకటి ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియా. ఒంటి మీద ఎర్రమచ్చలు, పుండ్లు, పొట్ట ఉబ్బటం, పొలుసులు లేచి నిలబడటం దాని పనులు. ఇది ఎక్కడి నుంచో ఎత్తివచ్చే సైన్యం కాదు, మంచినీరు ఉన్న ప్రతిచోటా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చేప పేగులోనూ ఉంటుంది. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోయినా, వేసవిలో నీరు తగ్గి చేపలకు ఇరుకైనా, వల లాగినప్పుడు పొలుసు ఊడినా, తెల్లవారుజామున ఆక్సిజన్ చాలక చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచినా దానికి సందు దొరుకుతుంది. భటులు ఊళ్ళోనే కాపురం ఉంటున్నప్పుడు అభటప్రవేశం రాసిస్తే ఏం లాభం? ఇక్కడ మిగిలింది తట్టుకోవడం ఒక్కటే.

1992లో భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, అందరూ సీఫా అనే సంస్థ, నార్వేలోని అక్వాఫోర్స్క్ అనే పరిశోధన సంస్థతో కలిసి శీలావతిని మెరుగుపరిచే పని మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, బ్రహ్మపుత్ర, సట్లెజ్ నదుల నుంచి చేపలు తెచ్చి, తమ క్షేత్రంలో ఉన్నవాటితో కలిపి, జంటలు కట్టించి, కుటుంబాలుగా విడదీసి పెంచారు. బాగా ఎదిగిన కుటుంబాల పిల్లలనే మళ్ళీ తల్లిదండ్రులుగా ఎంచుకుంటూ పోయారు. తరానికి 17 శాతం దాకా ఎదుగుదల పెరిగింది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవం జరిగిన 1997లో దానికి జయంతి రోహు అని పేరు పెట్టి విడుదల చేశారు. ఆ సంస్థకు విజయవాడ పక్కనే పెనమలూరులో ప్రాంతీయ కేంద్రం ఉంది కాబట్టి మనకు అది పరాయి సంగతి కాదు.

పంటల్లో మెరుగైన రకాన్ని వంగడం అంటాం. వంగడమంటే పాత తెలుగులో వంశం, కులం. పంట విషయంలో ఆ అర్థం మరుగున పడింది, చేప విషయంలో అదే మళ్ళీ నిక్కమైంది. ఎందుకంటే ఇక్కడ ఎంచుకునేది ఒంటరి చేపను కాదు, వంశాన్ని. ఎదుగుదల అయితే చేపను తూకం వేస్తే తెలిసిపోతుంది. జబ్బును తట్టుకుంటుందా లేదా అన్నది తూకానికి అందదు. దెబ్బ పడితే తప్ప బయటపడదు. దెబ్బ తిని బతికిన చేపను తల్లిచేపగా ఉంచుకుందామంటే దాని ఒంట్లో క్రిమి మిగిలి ఉండవచ్చు, హేచరీ అంతటికీ అంటించవచ్చు.

దీనికి కనిపెట్టిన దారి గురించి చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. ఒక్కో కుటుంబాన్ని విడిగా పెంచి, చేతికందే సైజు రాగానే ప్రతి పిల్ల కడుపులో బియ్యపు గింజంత చిప్ పెడతారు, ఎవరి బిడ్డో తెలియడానికి. ప్రతి కుటుంబం నుంచీ కొన్ని పిల్లలను వేరు చేసి, ఏరోమోనాస్‌ను కొలిచి సూదితో ఎక్కిస్తారు. ఏ కుటుంబంలో ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి అని లెక్క రాస్తారు. ఎక్కువ మిగిలిన కుటుంబంలో సూది పడని తోబుట్టువులు ఉంటాయి కదా, వాటినే తరవాతి తరానికి తల్లిదండ్రులుగా ఉంచుతారు. దెబ్బ తిన్నది ఒకరు, ఆ ఓర్పును ముందుకు మోసుకుపోయేది తోడబుట్టిన మరొకరు. తక్కువ మిగిలిన కుటుంబాలనూ పారెయ్యరు. పోల్చి చూడటానికి వాటితో వేరే వంశం కడతారు. తట్టుకునే వంశం, తట్టుకోలేని వంశం అని రెండు పక్కపక్కనే పెరుగుతాయి. బతికి బట్టకట్టడంలో పుట్టుకతో వచ్చే పాలు పెద్దది కాదు కాని ఉందని, ఎంచుకుంటూ పోతే పెరుగుతుందని ఈ పనిలో తేలింది.

కాని ప్రతి తరంలోనూ ఇన్ని చేపలను చంపి లెక్కగట్టడం ఖర్చు, కష్టం, మనసుకూ భారం. సూది వెయ్యకుండానే, రెండు చుక్కల రక్తం తీసి, ఇది తట్టుకునే వంశపు చేప అని చెప్పగలిగితే? ఇక్కడి నుంచి ఆనవాళ్ళ వేట మొదలైంది. చేపకు పుట్టుకతో వచ్చే రక్షణ సామగ్రిలో దేన్ని కొలవచ్చో అది కొలిచారు. బాక్టీరియా గోడను కరిగించే లైసోజైము, క్రిములను మింగే తెల్లకణాల చురుకు, ఆ కణాలు వదిలే మయెలోపెరాక్సిడేజు, ఇంకా మరికొన్ని. అన్నిటిలోకీ నా దృష్టి నిలిచినది సెరులోప్లాస్మిన్.

స్వీడన్‌లో హోమ్‌బెర్గ్, లారెల్ అనే ఇద్దరు 1948లో దీన్ని రక్తద్రవం నుంచి విడదీసి, రంగు చూసి పేరు పెట్టారు. లాటిన్‌లో సెరులియస్ అంటే ఆకాశపు నీలం. ఆ నీలం రాగి వల్ల వచ్చింది. రక్తద్రవంలో తిరిగే రాగిలో అత్యధిక భాగం ఈ ప్రోటీన్ మోస్తుంది, ఇనుము రూపాన్ని మారుస్తుంది, వాపు పుట్టినప్పుడు కణాలకు జరిగే నష్టాన్ని తగ్గిస్తుంది. రాగి నీలం మన మెట్ట రైతుకు ఎంత పరిచయమో చెప్పనక్కర్లేదు. మైలుతుత్తం కొని సున్నంతో కలిపి చెట్లకు బోర్డో మిశ్రమం కొట్టిన చేతులివి. మైలుతుత్తం మయూరతుత్థం నుంచి వచ్చింది, నెమలి మెడ రంగు తుత్తం. తోటకు తెగులు పట్టకుండా మనం బయటి నుంచి చల్లే లోహమే శీలావతి నెత్తుట్లో నీలంగా తిరుగుతూ ఉంటుందన్న సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

సీఫా, నార్వే శాస్త్రజ్ఞులు కలిసి 2013లో ప్రచురించిన పరిశోధనలో ఈ ప్రోటీన్ జన్యువును శీలావతిలో గుర్తించారు. ఏరోమోనాస్ సోకిన కొన్ని గంటలకే కాలేయంలో ఆ జన్యువు పని హెచ్చుతుంది. తట్టుకునే వంశంలో దాని మోతాదు తట్టుకోలేని వంశంలో కన్నా ఎక్కువ కనిపించింది. కాబట్టి తల్లిచేపలను ఎంచడానికి ఇది పరోక్షంగా పనికి రావచ్చని వాళ్ళు సూచించారు.

"పరోక్షంగా" అన్న ఆ జాగ్రత్తను కాపాడుకోవాలి. ఇటువంటి కొలతకు తెలుగులో ఆనవాలు అన్న మాట సరిగ్గా అతుకుతుంది. హనుమంతుడు తెచ్చిన ఉంగరం రాముడు కాదు, రాముడి ఆనవాలు. సెరులోప్లాస్మిన్ కూడా ఓర్పు కాదు, ఓర్పుకు ఆనవాలు. పైగా ఇది జబ్బు చేసినప్పుడు పెరిగే ప్రోటీన్. రక్తంలో ఎక్కువ కనిపించిందంటే ఆ చేప గట్టి వంశానిదని అనుకోవచ్చు, లేదా పాపం దానికి అప్పుడే ఏదో సోకి ఉండవచ్చు. ఒకే నీలం రెండు సంగతులు చెబుతోంది. చేప ఏ నీళ్ళ నుంచి వచ్చింది, ఎప్పుడు రక్తం తీశారు, అంతకుముందు దాన్ని ఎంత అలజడి పెట్టారు అన్నవి తెలియకుండా ఆ ఆనవాలును చదవలేం. అందుకే తరవాతి కాలంలో చూపు రక్తం నుంచి జన్యువుల వైపు మళ్ళింది. శీలావతి జన్యుపటం మీద వేల కొద్దీ గుర్తులు పెట్టి, ఏ గుర్తులున్న పిల్లలు ఎక్కువ బతుకుతున్నాయో చూస్తున్నారు. జన్యువులోని గుర్తు వాతావరణంతో మారదు. అది దాని బలం. అయితే జబ్బును తట్టుకోవడం ఒక్క జన్యువు చేతిలో లేదు, చాలా జన్యువులు తలా కాస్త పంచుకున్నాయి.

ఒక్క జన్యువు చేతిలోనే ఉన్న సందర్భం కూడా ప్రపంచంలో ఉంది. నార్వే, స్కాట్లండ్ సాల్మన్ చేపలకు ఐపీఎన్ అనే వైరస్ జబ్బు ఉండేది. 2008, 2009 ప్రాంతంలో రెండు దేశాల పరిశోధకులూ విడివిడిగా ఒకే సంగతి కనుక్కున్నారు: బతకడం, చావడం చాలావరకు ఒకే ఒక్క జన్యుస్థానం మీద ఆధారపడి ఉన్నాయి. ఆ స్థానంలో మేలైన రూపం ఉన్న తల్లిదండ్రుల గుడ్లనే అమ్మడం మొదలుపెట్టాక కొన్నేళ్ళలోనే నార్వేలో ఆ జబ్బు బాగా తగ్గిపోయింది. 2015లో వచ్చిన పరిశోధన ఆ స్థానంలో ఉన్నది కాడ్హెరిన్ అనే ప్రోటీన్ జన్యువని చెప్పింది. కణంలోకి దూరడానికి వైరస్ పట్టుకునే కొక్కెం అది. కొన్ని సాల్మన్లలో ఆ కొక్కెం వైరస్‌కు అందదు. ఇది అచ్చంగా అభటప్రవేశం! ఆ చేపకు ఇమ్యూన్ అన్న మాట పాత లాటిన్ అర్థంలోనే వర్తిస్తుంది. అయినా ఆ రాగిరేకు చిరకాలం చెల్లలేదు. మినహాయింపు ఉన్న సాల్మన్లను కూడా జబ్బు పెట్టే కొత్తరకం వైరస్ తరవాత నార్వేలోనే కనిపించింది.

నందిగామ నల్లరేగడి రైతుకు ఈ కథ పత్తి నేర్పింది. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు కాయతొలుచు పురుగు లోపలికి రాకుండా గింజలోనే కాపలా పెట్టామన్నారు. కొన్నేళ్ళు బాగానే సాగింది. తరవాత గులాబీ రంగు పురుగు ఆ కాపలాను దాటింది. మిరపలో 2021–22 పంటకాలంలో కొత్త తామర పురుగు పూతను పిండేసినప్పుడు, దాన్ని తట్టుకునే రకం అంటూ చేతిలో ఏదీ లేదు. ఒకే తాళం మీద ఆధారపడిన రక్షణకు ఒకే తాళంచెవి చాలు. చాలా జన్యువులు పంచుకున్న శీలావతి ఓర్పు నెమ్మదిగా పెరుగుతుంది, అంత సులువుగా ఊడిపోదు. నిదానమే అయినా మెట్ట చెరువుకు ఇదే మేలు అనిపిస్తుంది నాకు.

తట్టుకోవడం లోపలే మరో చీలిక ఉంది, దాన్ని కూడా చెప్పాలి. సూది వేసిన చేప బతికింది అంటే క్రిమిని చంపి బతికిందా, క్రిమిని మోస్తూ బతికిందా? చచ్చినవి ఎన్ని అన్న లెక్క ఈ తేడా చెప్పదు. ఒంట్లో క్రిమిని తగ్గించుకునే చేప వల్ల చెరువు మొత్తానికి మేలు. క్రిమిని ఉంచుకుంటూనే చావకుండా ఉండే చేప తాను బాగానే ఉంటుంది, పక్క చేపకు మాత్రం అంటిస్తూ ఉంటుంది. మొదటిది ఎదుర్కోవడం, రెండోది ఓర్చుకోవడం అని తెలుగులో విడదీసి చెప్పుకోవచ్చు. తట్టుకోవడం రెండింటినీ కలిపిన పై మాట. రైతు భాషలో ఆ విశాలత్వం లోపమేమీ కాదు, బతికిందా లేదా అన్నదే అతనికి ముందు కావలసింది. పిల్లలను పెంచి అమ్మే హేచరీకి మాత్రం ఈ తేడా తెలియాలి. ఓర్చుకునే పిల్ల ఒక చెరువులో జబ్బు కనిపించకుండా దాచి, మరో చెరువుకు దాన్ని మోసుకుపోగలదు.

ఇంకో గందరగోళం కోస్తా రొయ్యల చెరువుల్లో చూశాం. 1994–95లో టైగర్ రొయ్యను తెల్లమచ్చ వైరస్ తుడిచిపెట్టాక, 2009లో వనామీకి అనుమతి వచ్చింది. దాని తల్లిరొయ్యలకు ఎస్‌పీఎఫ్ అని పేరు, ఫలానా ఫలానా క్రిములు లేనివని అర్థం. చాలామంది దాన్ని ఆ జబ్బులు రానివని అర్థం చేసుకున్నారు. క్రిమి లేకుండా పుట్టడం వేరు, క్రిమి వస్తే తట్టుకోవడం వేరు. శుభ్రంగా పుట్టిన పిల్ల మన చెరువులో దిగిన రోజున దాని శుభ్రత అక్కడితో సరి. అమ్మేవాడు ఏం చెప్పాడో, కొనేవాడు ఏం విన్నాడో ఆ రెండింటి మధ్య ఒక మాట ఎగిరిపోతే కుటుంబాలు అప్పులపాలవుతాయి.

నేను ఎక్కువగా భయపడేది ఆ ఎగిరిపోయే మాట గురించే. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు కొత్త రకం విడుదల చేసినప్పుడు "ఫలానా తెగులును కొంతవరకు తట్టుకుంటుంది" అని రాస్తారు. ఆ "కొంతవరకు" అన్న మాట ఎన్ని పొలాల్లో, ఎన్నేళ్ళు చూసి రాసినదో! కొట్టు దాకా వచ్చేసరికి అది రాలిపోతుంది. "తెగులును తట్టుకుంటుంది" అవుతుంది. ఊళ్ళోకి వచ్చేసరికి "తెగులు రాదు" అవుతుంది. దెబ్బ తగిలినా నిలబడుతుంది అన్న మాట దెబ్బే తగలదు అన్న మాటగా మారిపోయింది. రెండు మాటల తేడా ఆ ఏడాది చేలో కనబడుతుంది.

మెట్ట చెరువుకు ఈ తేడా పల్లంలో కన్నా ఎక్కువ అవసరం. కైకలూరు వైపు చెరువులు చేపల కోసమే తవ్వినవి. అక్కడ నీరు మార్చవచ్చు, ఏరేటర్ పెట్టవచ్చు, సున్నం చల్లవచ్చు, మందు వాడవచ్చు. మెట్ట ఊరి చెరువు అందరిదీ. గొడ్లు తాగుతాయి, చాకిరేవు ఉంటుంది, కింద ఆయకట్టు ఉంటుంది. పాట పాడుకున్నవాడికి చేపల మీద హక్కు తప్ప నీటి మీద అధికారం లేదు. గొడ్లు తాగే నీళ్ళలో యాంటీబయాటిక్ కలపలేడు, కలపకూడదు కూడా. ఎండాకాలం నీరు మోకాటి లోతుకు వచ్చినా చూస్తూ ఉండటమే. అటువంటి చోట చేప తన ఒంట్లో తెచ్చుకున్నదే మందు. ప్రభుత్వం సంఘాలకు ఇచ్చే పిల్ల విషయంలోనూ, పాటదారు సొంతంగా కొనే పిల్ల విషయంలోనూ మంచి వంశం మీద పెట్టే రూపాయికి ఈ మెట్టలో వచ్చే ఫలం ఎక్కువ.

అయితే భువనేశ్వర్ క్షేత్రంలో సూది వేసి చూసిన ఓర్పు వేసవి చివర మన చెరువులో ఎంత నిలుస్తుంది? అక్కడ ఎక్కించినది ఒక్క బాక్టీరియా, కొలిచి. ఇక్కడ ఎండ, ఆక్సిజన్ కొరత, చేపపేను, ఏరోమోనాస్ అన్నీ కలిసి వస్తాయి, ఎవరూ కొలవరు. జగ్గయ్యపేట మండలంలోనే గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పంటల్లో కొత్త రకాన్ని రైతు పొలంలో పాత రకం పక్కన వేసి చూపించడం అటువంటి కేంద్రాలకు అలవాటైన పని. చేపకూ అలాగే చెయ్యవచ్చు. మంచి వంశపు పిల్లకు ఒక రెక్క కొన, మామూలు పిల్లకు మరో రెక్క కొన కత్తిరించి, ఒకే చెరువులో కలిపి వదలాలి. మునేరు పక్క చెరువు ఒకటి, పాలేరు పక్క చెరువు ఒకటి, వాగు నీళ్ళు అందని వానచెరువు ఒకటి ఎంచుకోవాలి. వేసవి దాటాక వల లాగి ఏ రెక్క కత్తిరించిన చేపలు ఎన్ని మిగిలాయో పాటదారు ముందే లెక్కపెట్టాలి. ఆ లెక్క పిల్లల సంచి మీద తెలుగులో అచ్చు కావాలి: ఏ జబ్బును, ఎంతవరకు, ఎటువంటి నీళ్ళలో తట్టుకుందో. "కొంతవరకు" అన్న మాటను అక్షరాల సైజు తగ్గించకుండా వెయ్యాలి.